దిగులు, గాభరా: శరీరంలో కనిపించే బాధలు, తట్టుకొనే మార్గాలు

ఒకే మాట పొలిమేర దాటగానే అర్థం మార్చుకోవడం సరిహద్దు జిల్లాలవారికి కొత్త కాదు. అయితే ఆ మార్పు ఆసుపత్రి గదిలో జరిగినప్పుడు నష్టపోయేది రోగి. తెలుగులో ‘ఆయాసం’ అంటే ఊపిరి అందకపోవడం. కన్నడంలో ‘ఆయాస’ అన్నా, తమిళంలో ‘ఆయాసం’ అన్నా అలసట. తెలుగులో ‘సుస్తీ చేసింది’ అంటే జబ్బు పడినట్లు. కన్నడంలో ‘సుస్తు’ అంటే ఒట్టి నీరసం. తెలుగువారి ‘దిగులు’ మనసు కుంగి లోలోపల బాధపడటం. కన్నడంలో ‘దిగిలు’ ఉలికిపాటు, భయం. తమిళంలో ‘తిగిల్’ ఒళ్ళు గగుర్పొడిచే భీతి. బాగేపల్లి, పావగడ వైపు గాని, హోసూరు, తిరుత్తణి వైపు గాని ఒక గృహిణి “ఆయాసంగా ఉంది, దిగులుగా ఉంది” అని చెప్పుకొన్నప్పుడు, బదిలీపై కొత్తగా వచ్చిన వైద్యుడు దానిని “అలసట, భయం” అని గ్రహించి బలానికి టానిక్కు రాసి పంపవచ్చు. తప్పు ఇద్దరిదీ కాదు. కాని అసలు వ్యాధి మాత్రం ఆమెతోపాటే ఇంటికి తిరిగి వస్తుంది.

భాష ఒక్కటే కారణం కాదు. కుంగుబాటు, ఆందోళన అనే రెండు రుగ్మతలూ ముందుగా శరీరం ద్వారానే బయటపడతాయి. 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన ఒక అధ్యయనంలో 14 దేశాలకు చెందిన 15 కేంద్రాలు పాల్గొన్నాయి. వాటిలో బెంగళూరు ఒకటి. కుంగుబాటు ఉన్నట్లు తేలిన 1,146 మందిలో 69 శాతం మంది వైద్యుని వద్దకు వచ్చినప్పుడు చెప్పుకొన్నవి శారీరక బాధలు మాత్రమే. అంటే ‘మనసు బాగాలేదు’ అనకుండా ‘ఒళ్ళు బాగాలేదు’ అనడం పల్లెవాసుల అమాయకత్వం కాదు, ప్రపంచమంతటా మనుషులు చేసేదే.

మన దేశంలో ఈ బాధల విస్తృతి ఎంతో 2015–16లో బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తెలిపింది. ఆ సర్వేకు ముందు ప్రయోగాత్మక పరిశీలన జరిగినది కోలారు జిల్లాలోనే. వయోజనులలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనవుతున్నారని, సాధారణ మానసిక రుగ్మతలు ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని అందులో తేలింది. ‘మనోవ్యాధికి మందు లేదు’ అన్న సామెత మన ఇళ్ళలో నేటికీ వినిపిస్తుంది. మందు ఉంది. లేనిది ఆ మందు వరకు వెళ్ళే దారి.

శరీరం ఎందుకు బాధపడుతుంది?

పొలం గట్టున పాము ఎదురైనప్పుడు ఆలోచనకంటే ముందు శరీరం స్పందిస్తుంది. మూత్రపిండాలపైన ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి వెలువడుతుంది. గుండె వేగం పెరుగుతుంది, శ్వాస త్వరపడుతుంది, కండరాలు బిగుసుకొంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది, అరచేతులకు చెమట పడుతుంది. ఇది పరుగెత్తడానికో ఎదిరించడానికో ప్రకృతి చేసిన ఏర్పాటు. పాము వెళ్ళిపోగానే అంతా సర్దుకొంటుంది.

అప్పుకు కట్టవలసిన వడ్డీ, ఎండిన బోరుబావి, పెళ్ళి కుదరని కూతురు, ఫోను ఎత్తని కొడుకు పాములు కావు గనుక వెళ్ళిపోవు. వాటి తలంపు వచ్చిన ప్రతిసారీ అదే ఏర్పాటు పనిచేస్తుంది. ఎల్లవేళలా బిగిసి ఉన్న మెడ, భుజాల కండరాలు నొప్పి పెడతాయి. దానినే ‘తలబరువు’ అంటారు. జీర్ణక్రియ క్రమం తప్పడం వల్ల కడుపుబ్బరం, త్రేన్పులు, మంట, పదే పదే విరేచనానికి పోవలసి రావడం జరుగుతాయి; దానినే ‘గ్యాస్’ అంటారు. శ్వాస అతిగా తీసుకొనడం వల్ల రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ తగ్గి వేళ్ళ కొసలలో, పెదవుల చుట్టూ తిమ్మిర్లు పుడతాయి, తల తేలిపోతుంది. ఊపిరి చాలడం లేదని మరింత గట్టిగా పీల్చినకొద్దీ ఆ బాధ పెరుగుతుంది.

ఈ బాధలేవీ ఊహలు కావు. గుండె నిజంగానే వేగంగా కొట్టుకొంటుంది, కడుపు నిజంగానే మండుతుంది. ‘రిపోర్టులన్నీ బాగున్నాయి, నీకేమీ లేదు’ అన్న మాట రోగిని ఊరడించదు. తన మాట నమ్మడం లేదని అవమానపరుస్తుంది. రిపోర్టులు చెప్పేది అవయవం చెడిపోలేదని మాత్రమే.

గాభరా హఠాత్తుగా ముంచుకొచ్చే స్థితిని పానిక్ అటాక్ అంటారు. ఏ కారణమూ లేకుండా, కొన్నిసార్లు నిద్రలో నుంచి లేపి మరీ, గుండెదడ, చెమట, వణుకు, ‘ఇప్పుడే ప్రాణం పోతుంది’ అన్న భయం కలుగుతాయి. సాధారణంగా 10 నిమిషాలలోపు అది తారస్థాయికి చేరి, అరగంట లోపల క్రమంగా తగ్గుతుంది. తగ్గేవేళకు రోగి ఆసుపత్రిలో గ్లూకోజ్ సీసా ఎక్కించుకొంటూ ఉండటం చాలా ఊళ్ళలో మామూలు దృశ్యం. తగ్గించినది ఆ సీసా అన్న నమ్మకం ఏర్పడుతుంది. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ సీసా. ఆ ఖర్చు ఏడాదికి ఎంతవుతుందో లెక్క వేసుకొన్న కుటుంబాలు తక్కువ.

కుంగుబాటు ఇంత హడావుడిగా రాదు. రెండు ముఖ్య లక్షణాలు దాని గుర్తులు: రోజులో ఎక్కువ భాగం మనసు బరువుగా ఉండటం, ఇదివరకు ఇష్టమైన వాటిపై ఆసక్తి పోవడం. వీటికి తోడు తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం లేదా అతినిద్ర, ఆకలిలో, బరువులో మార్పు, ఏ పనీ చేయకుండానే అలసట, మాటలోను నడకలోను మాంద్యం లేదా నిలకడలేనితనం, ఏకాగ్రత తగ్గడం, తాను ఎందుకూ పనికిరానన్న భావన, చావును గురించిన ఆలోచనలు. మొదట చెప్పిన రెంటిలో ఒకటైనా ఉండి, మొత్తం మీద ఐదు లక్షణాలు రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిదినం ఉంటే దానిని కుంగుబాటుగా వైద్యులు పరిగణిస్తారు. పురుషులలో అది ఏడుపుగా కాక చిరాకుగా, తాగుడుగా కనిపించడం కద్దు. స్త్రీలలో ఇది పురుషుల కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. ప్రసవానంతరం వచ్చే దానిని ‘బాలింత నీరసం’ అని కొట్టివేయరాదు.

ముందుగా తేల్చుకోవలసినవి

ప్రతి నొప్పినీ మనసుకు అంటగట్టడం కూడా ప్రమాదమే. కోలారు, పావగడ ప్రాంతాల భూగర్భజలాలలో ఫ్లోరైడ్ ఎక్కువ. కీళ్ళు బిగుసుకుపోవడం, నడుము వంగకపోవడం అక్కడ నీటివల్ల కూడా రావచ్చు. షోలాపురంలో బీడీలు చుట్టే తెలుగు స్త్రీలకు గంటల తరబడి వంగి కూర్చోవడం వల్ల మెడ, వీపు నొప్పులు వస్తాయి. వారికి పొగాకు ధూళి బాధ అదనం. రక్తహీనత, థైరాయిడ్ లోపం, మధుమేహం, బి12 విటమిన్ కొరత కూడా గుండెదడ, నీరసం, తిమ్మిర్లు కలిగిస్తాయి. కాబట్టి మొదట హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర పరీక్షలు, గుండెదడ ఉంటే ఒక ఇ.సి.జి. చేయించుకోవాలి. ఎడమ చేతికి, దవడకు పాకే ఛాతీ నొప్పి, చెమటతో కూడిన నొప్పి, పనిచేసినప్పుడు పెరిగే నొప్పి ఉన్నవారు అది గాభరా అని సొంతంగా తీర్మానించుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఒకసారి పరీక్షలు సవ్యంగా వచ్చిన తరువాత అవే పరీక్షలను మూడు ఊళ్ళలో ముగ్గురు వైద్యుల వద్ద మళ్ళీ మళ్ళీ చేయించుకోవడం వల్ల ప్రయోజనం లేదు. సరిహద్దు గ్రామాలలో ఇది మరీ ఎక్కువ: ఒక రాష్ట్రంలో నయం కాలేదని రెండవ రాష్ట్రానికి, అక్కడ నుంచి మళ్ళీ వెనక్కు. పాత కాగితాలు తీసుకుపోకపోవడం వల్ల ప్రతిచోటా చికిత్స మొదటి నుంచి మొదలవుతుంది.

వైద్యునికి చెప్పే తీరు

రోగికి రాష్ట్రభాష రానప్పుడు బడికి పోయే పిల్లలను దుబాసీగా వెంట తీసుకుపోవడం వాడుక. ఇది మానుకోవలసిన పద్ధతి. కన్నబిడ్డ ఎదుట తల్లి చావు తలంపులు చెప్పదు. చెప్పినా బిడ్డ వాటిని అనువదించదు. ‘అమ్మకు కడుపునొప్పి’ అని ముగిస్తుంది. పెద్దవారు ఎవరైనా, వీలైతే ఆశా కార్యకర్త, వెంట ఉండటం మేలు. వైద్యుని ఎదుట బాధ ఎప్పుడు మొదలైంది, ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరిగింది, నిద్ర ఎన్ని గంటలు, ఆకలి ఎలా ఉంది, ఏ మాత్రలు వాడుతున్నారు అన్నవి ముందే ఒక కాగితం మీద రాసుకొని పోవాలి. శరీరం బాధ చెప్పిన నోటితోనే మనసు సంగతి కూడా ఒక్క వాక్యంలోనైనా చెప్పాలి.

అందుకు కొన్ని మాటలు తెలిసి ఉంటే చాలు. కన్నడంలో గుండెదడను ‘ఎదె బడిత’ అంటారు, ఊపిరి ఆడకపోవడం ‘ఉసిరు కట్టుత్తె’, నిద్ర పట్టకపోవడం ‘నిద్దె బరల్ల’, విచారం ‘బేజారు’. తమిళంలో గుండెదడ, కంగారు రెండింటికీ ‘పడపడప్పు’ సరిపోతుంది; నిద్ర రావడం లేదనడానికి ‘తూక్కం వరలె’ అనాలి, ఆ తూక్కం మన తూకం కాదు. మరాఠీలో ‘ఛాతీత్ ధడధడ్’, ‘ఝోప్ యేత్ నాహీ’, దేనిమీదా మనసు నిలవడం లేదనడానికి ‘కశాత్ మన్ లాగత్ నాహీ’. ఒడియాలో ‘ఛాతి ధడపడ’, ‘నిద హేఉని’, ‘మన భల లాగుని’. ‘గాభరా’ మాత్రం కన్నడంలో ‘గాబరి’గా, మరాఠీలో ‘ఘాబరణే’గా ఉన్నది గనుక దానిని నిశ్చింతగా వాడవచ్చు.

భాష విషయంలో చట్టం కూడా రోగి పక్షానే ఉంది. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చికిత్సకు సంబంధించిన సమాచారాన్ని తనకు అర్థమయ్యే భాషలో పొందే హక్కు రోగికి ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు చేతిలో ఉన్నా లేకున్నా, ప్రభుత్వ మానసిక వైద్య సంస్థలలో చికిత్స ఉచితం. పుట్టిల్లు ఒక రాష్ట్రంలో, మెట్టినిల్లు మరొక రాష్ట్రంలో ఉండి రేషన్ కార్డు ఎటూ తేలని కోడళ్ళకు ఈ నిబంధన ముఖ్యమైనది.

ఇంటివద్ద చేయదగినవి

గాభరా వచ్చిన క్షణాన చేయవలసినది గట్టిగా గాలి పీల్చడం కాదు, నెమ్మదిగా వదలడం. కూర్చొని, నాలుగు అంకెలు లెక్కించేంతసేపు ముక్కుతో గాలి తీసుకొని, ఆరు అంకెలు లెక్కించేంతసేపు మెల్లగా వదలాలి. ఐదు పది నిమిషాలు ఇలా చేస్తే తిమ్మిర్లు, తలతిరుగుడు తగ్గుముఖం పడతాయి. బాధ లేని వేళ రోజుకు రెండుసార్లు అభ్యాసం చేసినవారికే బాధ వేళ అది పనికివస్తుంది. వాన వచ్చాక గొడుగు కుట్టించుకొంటే లాభమేముంది? గాభరా వచ్చిన చోటుకు, అంటే సంతకో బస్సులోకో, మళ్ళీ వెళ్ళడం మానివేస్తే భయం బలపడుతుంది. తోడుతో కొద్దికొద్దిగా వెళ్ళడం మొదలుపెట్టాలి.

కుంగుబాటుకు వాడే పద్ధతి వేరు. ‘మనసు కుదుటపడ్డాక పనిచేస్తాను’ అనుకొంటే ఆ రోజు రాదు. పని ముందు, మనసు తరువాత. పెద్ద పనులు వద్దు. ఉదయం స్నానం, పాదులకు నీరు, పక్కింటివారితో పది నిమిషాలు మాట. ఏ పని ఎప్పుడు చేయాలో ముందురోజు రాత్రే రాసుకోవాలి. ఇది పైపై ఓదార్పు కాదు. గోవాలో వైద్యులు కాని స్థానికులకు శిక్షణ ఇచ్చి, తీవ్ర కుంగుబాటు ఉన్నవారితో ఇదే పద్ధతిని ఆరు నుంచి ఎనిమిది విడతలు ఆచరింపజేయగా గణనీయమైన మేలు కనిపించిందని 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది. రోజుకు అరగంట నడక, ఒకే వేళకు లేవడం, మధ్యాహ్నం తరువాత కాఫీ, టీలు తగ్గించడం కూడా ఉపకరిస్తాయి. రాత్రి నిద్రకోసం తాగే సారా తొలిజామున నిద్ర తెచ్చినా, తెల్లవారకముందే లేపి గాభరా పెంచుతుంది.

మందుల సంగతి

వ్యాధి ఒక మోస్తరు కంటే తీవ్రంగా ఉన్నప్పుడు మందులు అవసరమవుతాయి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లుఆక్సెటిన్ ఇందుకు సాధారణంగా వాడేవి. వీటిని గురించి తెలియక చికిత్స మధ్యలో మానేవారే ఎక్కువ. ఇవి వేసుకొన్న నాడే పనిచేయవు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, తలనొప్పి, కొంచెం ఎక్కువ గాభరా ఉండవచ్చు. అవి చాలామందిలో తగ్గిపోతాయి. పాతికేళ్ళ లోపువారిని తొలి వారాలలో ఇంటివారు కనిపెట్టి ఉండాలి. గుణం కనిపించగానే మానరాదు. నెమ్మదించిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు వాడి, వైద్యుని సలహాతో క్రమంగా తగ్గించాలి. ఇవి మత్తుమందులు కావు, వ్యసనం కావు.

వ్యసనమయ్యేవి వేరే ఉన్నాయి. ఆల్ప్రజోలామ్, డయజిపామ్, క్లోనజిపామ్ వేసుకొన్న గంటలోపే గాభరాను తగ్గిస్తాయి. అందుకే జనం వాటినే ‘మంచి మందు’ అంటారు. కొద్ది వారాలకు మించి రోజూ వాడితే శరీరం వాటికి అలవాటుపడుతుంది. ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది ఆల్ప్రజోలామే. 2015లో అక్కడి కొన్ని జిల్లాలలో ఆ కల్లు హఠాత్తుగా ఆగిపోయినప్పుడు జనం వణుకుతో, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. చీటీ లేకుండా మందుల దుకాణంలో ‘నిద్రమాత్ర’ అడిగి కొనే అలవాటు సరిహద్దుకు రెండు వైపులా ఉంది. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు కూడా తమంతట తాము ఆపక, వైద్యుని ద్వారా తగ్గించుకోవాలి.

ఇంటివారు

‘నీకేం తక్కువైంది’, ‘ధైర్యంగా ఉండు’ అన్న మాటలు ప్రేమతో అన్నవే అయినా రోగి చెవికి నిందలాగా వినిపిస్తాయి. పక్కన కూర్చొని వినడం, ఆసుపత్రికి తోడు వెళ్ళడం, మాత్రల వేళ గుర్తుచేయడం వాటికంటే ఎక్కువ పనిచేస్తాయి. గుడికో దర్గాకో తీసుకువెళ్ళాలనుకొంటే వెళ్ళవచ్చు. మాత్రలు మాత్రం మానిపించవద్దు.

ఒక మనిషి అప్పగింతలు పెడుతున్నట్లు మాట్లాడినా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టినా, ‘నేను లేకపోతే మీకు సుఖం’ అన్నా, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, నెమ్మదిగా అడగాలి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఉన్నదని తెలిస్తే ఒంటరిగా వదలక, పురుగుమందులు, మాత్రలు ఇంట్లో లేకుండా వేరొకరి అధీనంలో తాళంవేసి ఉంచి, అదేరోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి. కేసు అవుతుందన్న భయంతో దాచవలసిన పని లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లుగానే 2017 చట్టం భావిస్తుంది. శిక్ష కాదు, సంరక్షణ కల్పించమంటుంది.

ఎక్కడికి వెళ్ళాలి?

ఇంటి నుంచి కదలకుండా తెలుగులో మాట్లాడదలచినవారికి 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ ఉంది. 14416 సంఖ్యకు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోను చేయవచ్చు. సేవ అందే భాషలలో తెలుగు ఒకటి. ఏ రాష్ట్రంలో నివసిస్తున్నా మాతృభాషలో బాధ చెప్పుకొనే వీలు సరిహద్దు తెలుగువారికి దీనివల్ల కలుగుతుంది.

నేరుగా వెళ్ళదలచినవారు ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విచారించాలి. ఈ బాధలకు ప్రాథమిక కేంద్రంలోనే వైద్యం చేయవచ్చని దేశానికి చూపినది ఒక సరిహద్దు జిల్లాయే. 1985లో నిమ్హాన్స్ బళ్ళారి జిల్లాలో సామాన్య వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి పని మొదలుపెట్టింది. 1996లో దేశంలో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా ఆ బళ్ళారి ప్రయోగమే. కర్ణాటకలో తాలూకా ఆసుపత్రులకు మంగళవారం మనోవైద్యులు వచ్చే ‘మనోచైతన్య’ 2014లో మొదలైంది. తమ తాలూకాలో ఏ రోజు వస్తారో అక్కడే అడిగి తెలుసుకోవాలి. బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల, వేలూరులో సి.ఎం.సి. ఆయా వైపులవారికి దగ్గర. యానాంవారికి పుదుచ్చేరి దూరం గనుక, 30 కిలోమీటర్ల దూరంలోని కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి అనువైనది.

పనికోసం బెంగళూరుకో భివండికో వలస వెళ్ళేవారు మందుల చీటీని ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి. కంపెనీ పేరు ఊరూరికీ మారుతుంది. మందు అసలు పేరు, మిల్లీగ్రాములు మారవు. రెండింటినీ అట్ట వెనుక చూసి తెలుగులో రాసుకొని, కనీసం రెండు వారాల మాత్రలు ముందుగానే కొని బయలుదేరాలి.